కారులో చలువ, కారిన గ్యాసు

రోహిణికార్తె సమీపించునప్పటికి బెజవాడ బందరు రోడ్డుపైని మోటారు షెడ్ల ముందు ఒకే మాట పదేపదే వినవచ్చును: “గ్యాసు అయిపోయిందండీ, ఎక్కించాలి.” కారు యజమాని తల యూపును, అడిగిన సొమ్ము చెల్లించును, చలువగాలి వచ్చును. నెల తిరుగకముందే ఆ గాలి వెచ్చబడును. యజమాని మరల షెడ్డుకు వచ్చును. మరల అదే మాట.

ఆ మాటయే ఈ ప్రసంగమునకు విషయము. ఏలయన, ఆ మాట నిజము కాదు. పెట్రోలు మండి అయిపోవును, టైర్లు అరిగిపోవును. కాని చలువయంత్రములోని గ్యాసు అయిపోవుటకు వీలు లేదు. అది మూసిన గొట్టములలో ఆవిరియై, ద్రవమై, మరల ఆవిరియై తిరుగుచునే యుండును. తగ్గినదనగా ఎక్కడనో కారినదని యర్థము. ఇంత తేటయైన సంగతి మరుగునపడి, ‘అయిపోవుట’ యను మాట షెడ్లలోను ఇండ్లలోను ఎట్లు పాతుకొనెనో తెలియవలెనన్న, ఈ యంత్రపు చరిత్రలోనికి కొంత దూరము పోవలసియున్నది.

కృష్ణా డెల్టా వేసవి రెండు విధముల బాధించును. పడమటి గాలి వీచిన దినములలో ఎండ నిప్పులు చెరగును. సముద్రపు గాలి తిరిగిన దినములలో వేడిమి కొంత తగ్గినను ఉక్క పెరుగును. మన పూర్వులు ఈ రెంటిని జయింపలేదు, తప్పించుకొనిరి. కూచిపూడి భాగవత మేళములు ఊరూర తిరిగిన కాలమున ఆట రాత్రివేళ మొదలై తెల్లవారుదాక సాగెడిది. దివిటీల వెలుగు, గుగ్గిలపు పొడి చల్లగా భగ్గున లేచు మంట రంగమునకు శోభ గూర్చినమాట నిజమే. కాని ముఖమునకు రంగు పూసికొని, జడయు నగలును ధరించి, గజ్జె కట్టి ఆడు మనిషికి రేయి చల్లదనము కూడ కావలసినదే. ప్రయాణము ఎద్దుబండ్ల మీద, ఎండవేళ విశ్రాంతి చెట్టునీడను.

నేడు అదే కూచిపూడినుండి నాట్యబృందము సాయంకాలపు ప్రదర్శనమునకై బెజవాడ చేరవలెనన్న, మిట్టమధ్యాహ్నము కారెక్కి పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటి పోవలసియుండును. ఎండలో అద్దములు మూసి నిలిపిన కారులో వేడి, బయటి వేడిని 20 డిగ్రీలకు పైగా మించిపోవుట కలదు. ఆ కారులో ఏ.సి. పనిచేయనినాడు ప్రయాణము ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

చల్లదనమును సరకుగా కొని తెచ్చుకొనుట మన తీరమునకు ఈ యంత్రముతో ప్రారంభము కాలేదు. వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లుట పాత పద్ధతి. పొడిగాలిలో అది చక్కగా పనిచేయును గాని, సముద్రపు గాలి తిరిగిననాడు తడి ఆరదు, చలువ పుట్టదు. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తా చేరినవి. 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున ఆ మంచును దాచుటకు ప్రత్యేకముగా ఒక భవనము కట్టిరి. ఐస్‌హౌస్ అను పేరు చెన్నపురి తెలుగువారికి సుపరిచితమే. మంచు కరగినంత కాలము చలువ, కరగిన తరువాత ఏమియు లేదు. చలువను ‘అయిపోవు’ వస్తువుగా తలచుట ఆ రోజులలో సరియైన మాటయే.

మంచు తెప్పించు పని లేకుండ చలువ పుట్టించు మార్గమును జేకబ్ పెర్కిన్స్ 1834లో పేటెంటు చేసికొనెను. దాని సూత్రము మన వంటింటిలోనిదే. చెమట ఆరునపుడు ఒంటికి చల్లగా నుండుట ఎరుగని వారెవరు? ద్రవము ఆవిరి యగుటకు వేడి కావలెను, ఆ వేడిని అది తన చుట్టునున్న వస్తువులనుండి లాగుకొనును. చెమట ఆవిరి గాలిలో కలిసిపోవును. యంత్రములోనైతే ఆ ఆవిరిని వదలిపెట్టక, కంప్రెసరు దానిని నొక్కి పంపును. కండెన్సరు దాని వేడిని బయటి గాలికి అప్పగించి మరల ద్రవముగా మార్చును. సన్నని ద్వారము గుండ ఆ ద్రవము కూలింగు కాయిలులోనికి జారి మరల ఆవిరి యగును. తిరుగలి వలె ఇది తిరిగినంతసేపు చలువయే. 1902లో న్యూయార్కు నగరమున బ్రూక్లినులోని ఒక ముద్రణాలయములో కాగితములు తేమకు సాగి రంగులు చెదరుచుండగా, విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును రూపొందించెను. నేటి ఏ.సి. యంత్రములకు అదియే మూలము. మనుష్యుల సుఖమునకుగాక, కాగితముల కొరకు పుట్టినది కావుటచేత, ఉక్కను తీసివేయుట దానికి మొదటినుండియు స్వభావమైనది. డెల్టావాసులకు అందులోని మేలు చెప్పనలవి కాదు.

ఇట్టి యంత్రమును కారులో పెట్టుటకు అడ్డువచ్చినది గ్యాసు. అమోనియా, గంధక ధూమము, మిథైల్ క్లోరైడు – ఆనాటి గ్యాసులన్నియు కారినచో మనుష్యులను చంపునట్టివే. తలుపులు మూసిన చిన్న పెట్టెలో నలుగురు కూర్చుండి, ప్రక్కనే అట్టి విషమును తిప్పుకొనుటకు ఎవరు సాహసింతురు? 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందము ఈ పనికి పనికివచ్చు క్రొత్త గ్యాసును కనుగొనెను. అది మండదు, వాసన లేదు, పీల్చినవారికి వెంటనే హాని కలిగింపదు. సున్నకు దిగువ 30 డిగ్రీల దగ్గర మరుగును. ఫ్రియాను అను పేరుతో అది లోకమంతట వ్యాపించెను. షెడ్లలో దానిని ‘పన్నెండు’ గ్యాసు అని, ఆర్-12 అని పిలిచిరి.

1939లో అమెరికాలోని పాకార్డు కంపెనీ ఫ్యాక్టరీలోనే ఏ.సి. అమర్చిన కారును ప్రదర్శించెను. దానికై 274 డాలర్లు అదనము. చలువ పెట్టె వెనుక డిక్కీలో నుండెడిది, చల్లగాలి ప్రయాణికుల వీపు వెనుకనుండి వచ్చెడిది. విచిత్రమేమన, కంప్రెసరును ఆపుటకు క్లచ్చి లేదు. చలువ వద్దనుకొన్నచో ఇంజను నిలిపి, బానెట్టు ఎత్తి, బెల్టు ఊడదీయవలెను! రెండేండ్లలోనే ఆ ప్రయత్నము ఆగిపోయెను. 1954లో నాష్ కంపెనీ యంత్రమునంతను కారు ముందుభాగమున, ఇంజను దగ్గరను డాష్‌బోర్డు దగ్గరను ఇమిడ్చి, అయస్కాంతపు క్లచ్చిని జోడించెను. నేడు మనము ఎక్కు కార్లలోని అమరిక ఇంచుమించు ఆ బాణీలోనిదే. 1969 నాటికి అమెరికాలో అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో సగమునకు పైగా ఏ.సి. గలవి.

ఇప్పుడు మన ప్రశ్నకు వచ్చెదము. ఇంటిలోని ఫ్రిజ్జు పదునైదేండ్లు, ఇరువదేండ్లు గ్యాసు మాట యెత్తకుండ పనిచేయుట మనమందరము చూచినదే. కారు ఏ.సి.కి మాత్రము ఈ జబ్బు ఏల? కారణము నిర్మాణములో నున్నది. ఫ్రిజ్జులో కంప్రెసరును, దానిని తిప్పు మోటారును ఒకే ఇనుప గుండులో పెట్టి అతుకువేసి మూసివేయుదురు. లోనికి పోవునది కరెంటు తీగ మాత్రమే. కారులో కంప్రెసరును తిప్పునది ఇంజను. బయటనుండి బెల్టు లాగగా ఇరుసు తిరుగవలెను, ఆ ఇరుసు కంప్రెసరు గోడను చీల్చుకొని లోపలికి పోవలెను. తిరుగు ఇరుసుకు, నిలిచియున్న గోడకు నడుమ గ్యాసు పోకుండ కాపాడునది ఒక సన్నని సీలు. ఇంజను అదరుచుండును గనుక గొట్టములన్నియు లోహపువి కాలేవు, కొంత రబ్బరు ఉండవలెను. కీలు కీలుకు ఒక రబ్బరు రింగు. కండెన్సరేమో బండి మూతి దగ్గర, రోడ్డుమీది రాళ్ళకు ఎదురుగ. ఇన్ని ద్వారములు గల కోటను ఎంత కాపలా కాచినను ఏటేట కొంత గ్యాసు పోవుట సహజము.

ఆ రోజులలో అది ఎవరికిని పట్టలేదు. ఆర్-12 చవుక. పెద్ద కార్లలో కిలోకు మించి పట్టెడిది గనుక, కొంత పోయినను చలువ తగ్గెడిది కాదు. తగ్గిననాడు డబ్బా తగిలించి కొంత నింపినచో చాలును. కారుచోటు వెదకుటకు గంటలు, నింపుటకు నిమిషములు. పనివాని కూలికంటె గ్యాసు వెల తక్కువయైనచోట ఎవరు వెదకుదురు? కాబట్టి అమెరికా షెడ్లలో వేసవికొకసారి గ్యాసు నింపుట ఆచారమైనది. ‘గ్యాసు అయిపోయినది’ అను మాటకు పుట్టినిల్లు ఆ ఆచారమేయని మా అభిప్రాయము.

మన దేశమునకు ఈ విద్య ఆలస్యముగా వచ్చినది. అంబాసిడరు, ఫియటు కార్లు రోడ్లనేలిన రోజులలో చలువ కోరిన ధనికులు కారు కొన్న తరువాత బయట అమర్పించుకొనిరి. డాష్‌బోర్డు క్రింద వ్రేలాడు ఒక నల్లని పెట్టె, ముందర ఒక కండెన్సరు. యంత్రము నడచిన ఇంజను కొండ ఎక్కుచున్నట్లు రొప్పెడిది. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చిన పిమ్మట మధ్యతరగతివారు కారు కొనసాగిరి. ఏ.సి. అమర్చిన కార్లు క్రమక్రమముగా ఎక్కువైనవి.

బెజవాడలో ఈ పని అంతయు ఆటోనగరు చుట్టును పెరిగెను. 1960ల దశకములో ఏర్పడిన ఆ నగరు ప్రధానముగా లారీలది: బాడీలు కట్టువారు, కమ్మీలు సరిచేయువారు, ఇంజన్లు విప్పువారు, పాత సామానులు అమ్మువారు. అచటి విద్య గురువు ప్రక్కన నిలిచి నేర్చినది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల మేస్త్రీలు అందున్నారు. ఇది పొగడ్త కాదు, ఎరిగినవారెవరైన ఒప్పుకొను సంగతి. కాని ఏ.సి. యంత్రము చప్పుడు చేసి తన జబ్బు చెప్పదు. గ్యాసు కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు. చెవితోను చేతితోను నేర్చిన విద్యకు ఇది క్రొత్త పరీక్ష.

అంతలో గ్యాసే మారిపోయినది. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అను శాస్త్రజ్ఞులు, ఫ్రియాను జాతి గ్యాసులు ఆకాశమున పైకి చేరి, సూర్యుని తీక్ష్ణకిరణములను అడ్డు ఓజోను పొరను నాశనము చేయునని హెచ్చరించిరి. 1985లో దక్షిణ ధ్రువముపై ఆ పొర ప్రతి వసంతమున మిక్కిలి పలుచబడుచున్నట్లు బ్రిటిషు పరిశోధకులు ప్రకటించిరి. 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియాలులో ఒడంబడిక కుదిరెను. భారతదేశము 1992లో అందులో చేరెను. 2000లో మన ప్రభుత్వము ఓజోను నియమములను చేసెను. వాటి ప్రకారము 2003 నుండి క్రొత్త కార్ల ఏ.సి.లలో ఆర్-12 వాడుట నిషిద్ధమయ్యెను. దాని స్థానమున వచ్చినది ఆర్-134ఎ.

ఓజోనుకు హాని చేయని ఆ గ్యాసు మేస్త్రీలకు మాత్రము చిక్కులు తెచ్చినది. పాత గ్యాసుతో కలిసి ప్రవహించు ఖనిజపు నూనె ఈ క్రొత్తదానితో కలియదు. నూనె తిరిగిరానిచో కంప్రెసరు ఎండి పట్టుకొనిపోవును. క్రొత్త రకపు నూనెలు వాడవలెను. అవి ఉప్పు వలె గాలిలోని చెమ్మను పీల్చుకొనును, మూత తెరచి ఉంచిన డబ్బాలోని నూనె పనికిరాదు. చెమ్మ లోపలికి పోయినచో సన్నని ద్వారము దగ్గర మంచై అడ్డుపడును, ఆమ్లమై లోహమును తినును. కాబట్టి యంత్రమును విప్పిన ప్రతిసారి వాక్యూము పంపు పెట్టి, అరగంటకు తక్కువ కాకుండ లోని గాలిని, చెమ్మను లాగివేయవలెను. ఆ అరగంట ఓపిక లేనివాడు రిపేరు చేసినట్లు కాదు, చెడగొట్టినట్లు.

అన్నిటికంటె ముఖ్యమైనది తూకము. నేటి చిన్న కారులో పట్టు గ్యాసు అరకిలో ప్రాంతము. అందులో నూరు గ్రాములు తగ్గినను హెచ్చినను చలువ చెడును. గేజీ చూచి “ఫుల్లుగా ఉందండీ” అనుట పాత రోజుల అలవాటు. సీసాలో ద్రవము ఒక చెంచా ఉన్నను, సగము ఉన్నను, నిలిచియున్న యంత్రములో ఒత్తిడి ఒక్కటే. అది ఆనాటి ఎండను బట్టి యుండును గాని గ్యాసు పరిమాణమును బట్టి కాదు. ఎంత పట్టవలెనో బానెట్టు క్రింద చీటీ మీద గ్రాములలో వ్రాసియుండును. ఉన్నదంతయు బయటికి తీసి, తూచి, లెక్క ప్రకారము మరల ఎక్కించుటయే మార్గము.

మా కారు సంగతి ఇచ్చట చెప్పవచ్చును. ఒక వేసవిని బెజవాడలోని ఒకానొక షెడ్డులో, పేరుతో పనిలేదు, రాయి తగిలి చిల్లిపడిన కండెన్సరును మార్పించి తెచ్చుకొంటిమి. కూచిపూడి చేరుదాక గజగజలాడించు చలువ. మూడు వారములకు గాలి నీరసించెను. షెడ్డువారు కండెన్సరు క్రొత్తదే గదా, గ్యాసు అయిపోయియుండునని మరల ఎక్కించిరి. ఈమారు పదునైదు దినములే వచ్చినది. తరువాత పామర్రు వైపు ఒక చిన్న షెడ్డులో ఒక పెద్దాయన, గేజీ ముట్టుకొనకముందే, క్రొత్త కండెన్సరుకు గొట్టము చేరు కీలును వ్రేలితో తడిమి ఆ వ్రేలిని మాకు చూపెను. నూనె జిడ్డు. “గ్యాసు కనపడదు గాని బాబూ, నూనె కనపడుద్ది” అనెను. సబ్బునురుగు పూయగా బుడగలు లేచినవి. కండెన్సరు మార్చినవారు పాత రబ్బరు రింగునే మరల వేసి బిగించియుండిరి. ఆ రింగు వెల ఎక్కించిన గ్యాసు వెలలో నూరవ వంతు ఉండునో లేదో.

ఆ పెద్దాయన చేసినది పరిశోధన. నూనె గ్యాసు వెంట తిరుగును గనుక గ్యాసు పోయినచోట దాని జాడ మిగులును. షెడ్డునుండి తెచ్చుకొన్న కారు మరల వెచ్చబడినపుడు ఇట్టి జాడలను యజమానియు కొంత గమనింపవచ్చును. పరుగులో చల్లగా నుండి, రైల్వేగేటు దగ్గర నిలిచినపుడు వెచ్చబడినచో మొదట చూడవలసినది కండెన్సరు ముందరి ఫ్యాను. రిపేరులో దాని తీగ తగిలింపక వదలివేయుటయు కలదు. కొంతసేపు చల్లగా వచ్చి, ఆగి, మరల దానంతట అదే వచ్చినచో లోపల చెమ్మ మిగిలినదేమోనని అనుమానింపవలెను. గాలియే తక్కువగ వచ్చుచున్నచో అది గ్యాసు జబ్బు కాకపోవచ్చును. కోతల కాలమున మన రోడ్లపై లేచు ధాన్యపు దుమ్ము, ఊక ఫిల్టరును మూసివేయును. అన్నిటికి ఒకే మందుగా గ్యాసు ఎక్కించుట జ్వరము పేరడుగక గుళిక మింగించుట వంటిది. హెచ్చు గ్యాసు వలన చలువ తగ్గుట మరొక చిత్రము. చల్లగా లేదని మరికొంత ఎక్కించినకొలది మరింత వెచ్చనగును.

ఇంతటి తప్పు మేస్త్రీలదేయనుట న్యాయము కాదు. గంటలో తెమల్చి ఇమ్మని గడియారము చూచుకొను యజమానులు ఎందరు! కారుచోటు వెదకినందుకు కూలి ఇవ్వుమన్న కసురుకొనువారే, గ్యాసు ఎక్కించినందుకు అంతకు మూడింతలు మారు మాటాడక ఇచ్చెదరు. కంటికి కనబడు డబ్బాకు వెల కట్టుదుముగాని వెదకిన కంటికి కట్టము. చలికాలమున నెలల తరబడి ఏ.సి. ముట్టకుండ ఉంచుటయు సీలుకు హానియే. నూనె అందక అది ఎండిపోవును. వారమునకొకసారి పది నిమిషములు నడపిన చాలును.

కారిన గ్యాసు యజమాని జేబుకే నష్టమైనచో ఇంత చెప్పనక్కరలేదు. ఆర్-134ఎ ఓజోనును చెరుపదు గాని, భూమి వేడిని పెంచుటలో బొగ్గుపులుసు గాలికి సుమారు 1,400 రెట్లు. అరకిలో గాలిలో కలిసినచో, దాని ఫలితము దాదాపు 300 లీటర్ల పెట్రోలు మండించిన దానితో సమానము. కూచిపూడినుండి బెజవాడకు ముప్పది పర్యాయములకు పైగా పోయివచ్చినను అంత పెట్రోలు ఖర్చుకాదు. కీలు సరిచేయక రెండుమారులు గ్యాసు ఎక్కించిన ఫలితము దీనినిబట్టి ఊహించుకొనవచ్చును. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశములో వేయిమందికి పైగా చనిపోయిన సంగతి మనవారు మరువలేదు. అట్టి వేసవులనుండి తప్పించుకొనుటకు కొన్న యంత్రమే అట్టి వేసవులకు ఆజ్యము పోయుట గమనింపదగినది.

చవుకగా దొరకునని ముద్రలేని డబ్బాలు కొనుటలో మరొక అపాయమున్నది. 2011లో వియత్నాములో రిపేరు జరిగిన ఓడల శీతలపెట్టెలు కొన్ని పేలి మనుష్యులు మరణించిరి. ఆర్-134ఎ అను పేరుతో వాటిలో నింపిన దానిలో మిథైల్ క్లోరైడు కలిసియున్నది. మిడ్జ్‌లీ కాలమున ప్రాణములు తీసిన ఆ పాత గ్యాసు అల్యూమినియముతో కలిసి, గాలి తగిలిన మండు పదార్థమును పుట్టించెనట.

ఐరోపా దేశములు 2017 నుండి క్రొత్త కార్లలో ఆర్-134ఎ వాడుటను మానిపించినవి. అచట వాడు 1234వైఎఫ్ అను గ్యాసు భూమిని దాదాపు వేడెక్కింపదు గాని, కొంచెము మండు స్వభావము గలది, వెల మిక్కిలి ఎక్కువ. 2016లో ఆఫ్రికాలోని కిగాలిలో కుదిరిన సవరణను భారతదేశము 2021లో ఆమోదించెను. దాని ప్రకారము ఈ జాతి గ్యాసుల వాడకమును మన దేశము 2032 నుండి తగ్గించుచు, 2047 నాటికి 85 శాతము తగ్గింపవలెను. ఆర్-12 పోయిన నాటివలెనే షెడ్లలో మరల క్రొత్త గేజీలు, క్రొత్త నూనెలు, క్రొత్త జాగ్రత్తలు రావలసియుండును. గ్యాసు వెల పెరిగిననాడు కారుచోటు వెదకు అలవాటు దానంతట అదే వచ్చునని మా ఊహ.

ఆటోనగరు లారీలది అంటిమి. ఏండ్ల తరబడి ఆ లారీల క్యాబినులలో ఇంజను వేడిమి ఒకవైపు, ఎండ ఒకవైపు కాచుచుండగా డ్రైవర్లు బండ్లు నడపిరి. 2025 అక్టోబరు 1 తరువాత తయారగు మధ్యరకపు, భారీ లారీల క్యాబినులకు ఏ.సి. తప్పక అమర్చవలెనని కేంద్రప్రభుత్వము నియమము చేసినది. ఆ బండ్ల కీళ్ళును, సీళ్ళును, రబ్బరు రింగులును ముందుముందు బందరు రోడ్డు షెడ్లకే వచ్చును. అంతకు ముందు తయారైన లారీలకు ఆ నియమము వర్తింపదు. వాటి డ్రైవర్ల మెడలపై తడి తువాలు నేటికిని ఉన్నది.